చుక్క పెట్టిన సంతకం

జాజిలంకలో డాక్టర్ శశిభూషణ్ గారి హస్తవాసిని నమ్మనివాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు డాక్టరు గారు. రెండోవారు ఆయన దగ్గర నర్సుగా పనిచేసిన వీరదుర్గ. ఇరవై ఏళ్ళపాటు ఆ ఆసుపత్రిలో సూదులు వేసిన చెయ్యి వీరదుర్గది, పేరు మాత్రం డాక్టరు గారికి వచ్చింది. ఆ పేరులో నా వాటా ఏదండీ అని దుర్గ ఎప్పుడూ అడగలేదు. ఆ సూదుల్లో ఏముందో ఆమెకి తెలుసు కాబట్టి, అడగకపోవడమే మర్యాద అనుకుంది.

కడియం దాటి కాలవ గట్టు వెంట లోపలికి పోతే జాజిలంక వస్తుంది. ఊళ్ళో ఇళ్ళకంటే నర్సరీలు ఎక్కువ. మనుషులకంటే మొక్కలకే నీడ ఎక్కువ. పొద్దున్న ఏడింటికల్లా ఆడవాళ్ళు పనిలోకి దిగుతారు. సంచుల్లో మట్టి నింపి, అంట్లు కట్టి, కుండీలు మోసి లారీలకెత్తి, సాయంత్రానికి నడుం మీద చెయ్యి వేసుకుని ఆసుపత్రికి వస్తారు. వచ్చి, ఒక సూదెయ్యండి అంటారు.

డాక్టరు గారు ఊరికి కొత్తగా వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్నదే చెప్పేవారు. "ఇది జబ్బు కాదమ్మా, అలసట. నాలుగు రోజులు విశ్రాంతి తీసుకోండి" అనేవారు. విశ్రాంతి అనే మందు జాజిలంకలో ఏ షాపులోనూ దొరకదని ఆయనకి అప్పటికి తెలీదు. "సూదెయ్యని డాక్టరు ఏం డాక్టరండీ? కబుర్లు చెప్పడానికైతే ఇంటి దగ్గర మా ఆయన లేడా?" అని వాళ్ళు లేచి, కాలవ అవతల సైకిలుకి సంచీ తగిలించుకుని తిరిగే వైద్యుడి దగ్గరికి పోయారు. రెండు నెలలు తిరిగేసరికి ఆసుపత్రిలో బల్లలు, డాక్టరు గారు, దుర్గ మిగిలారు.

అప్పుడు దుర్గకి ఇరవై రెండేళ్ళు. ఉద్యోగం పోతుందేమోనని భయం. భయంలో మనిషికి తెలివి బాగా వస్తుంది.

"నీళ్ళ సూది వేద్దామండి" అంది ఒకరోజు.

"అంటే, మోసం చేద్దామంటావు."

"మోసం ఏంటండి? డిస్టిల్డ్ వాటరు. శుభ్రమైన నీళ్ళు. గుళ్ళో తీర్థం పుచ్చుకున్నవాళ్ళు పూజారి మోసం చేశాడంటారేంటండి?"

డాక్టరు గారు పెద్దగా నవ్వారు. ఆయన తాత గారు కోనసీమలో పురోహితుడు. పోలిక బాగా నచ్చింది. మరి మందు ఎవరికో, నీళ్ళు ఎవరికో నీకు తెలిసేదెలా అని అడిగారు. దానికీ దుర్గే దారి చెప్పింది. చీటీ మీద సంతకం కింద చిన్న చుక్క పెట్టండి. చుక్క ఉంటే నీళ్ళు, లేకపోతే మందు.

ఆ రోజు నుంచి జాజిలంకకి ఆరోగ్యం వచ్చింది. దానికి బలం సూది అని పేరు పెట్టింది కూడా దుర్గే. బలం సూది కోసం కొవ్వూరు నుంచి వంతెన దాటి మరీ వచ్చేవారు. విచిత్రం ఏంటంటే, చుక్క పడినవాళ్ళు చుక్క పడనివాళ్ళకంటే ముందు కోలుకునేవారు. దాంతో వైద్యశాస్త్రం మీద దుర్గకి గౌరవం కొంచెం తగ్గింది, నీళ్ళ మీద పెరిగింది.

అలాగని ఆయన ఉత్త నీళ్ళ డాక్టరని చెబితే అబద్ధమవుతుంది. నర్సరీల్లో తడి ఎప్పుడూ ఆరదు. కొబ్బరి పీచు బస్తాల కింద, పేర్చిన కుండీల సందుల్లో రక్తపింజరలు చల్లగా కాపురం చేస్తుంటాయి. పాము కరిచిన మనిషిని తెస్తే డాక్టరు గారికి చీటీ, చుక్క ఏవీ గుర్తుండేవి కావు. ఫ్రిజ్‌లో పాము మందు సీసాలు ఎప్పుడూ నిండుగా ఉంచేవారు. మందు ఎక్కిస్తూ, పక్కనే స్టూలు వేసుకుని, నెత్తురు గడ్డకడుతోందా లేదా అని గాజు గొట్టం వంక చూస్తూ, అన్నం కూడా మానేసి కూర్చునేవారు. అలా దుర్గ కళ్ళెదుట ముప్పై ఎనిమిది మంది లేచి నడిచి ఇళ్ళకి వెళ్ళారు. వాళ్ళని తలుచుకుని ఆయన చేసిన ఏ తప్పునైనా దుర్గ క్షమించేసేది.

సరిగ్గా ఆ ముప్పై ఎనిమిది మంది వల్లే ఆయన చెడిపోయారు.

పాము కాటు నుంచి బతికినవాడు ఊరుకోడు కదా, కనపడిన ప్రతివాడికీ చెబుతాడు. ఆ మాట తిరిగి తిరిగి ఒక పార్టీ ఆఫీసుకి చేరింది. నాలుగు కార్లలో మనుషులు వచ్చారు. "ఇంతమంది మిమ్మల్ని దేవుడంటున్నారు. దేవుడు ఊళ్ళోనే ఉండిపోతే ఎలాగండీ?" అన్నారు. డాక్టరు గారు వారం రోజులు వద్దన్నారు. ఎనిమిదో రోజున తెల్ల ఖద్దరు చొక్కాలు ఆరు కుట్టించుకున్నారు.

"ఆ స్టెతస్కోపు తీసెయ్యండి, చొక్కా మీద బాగోలేదు" అన్నారు ఆయన భార్య శ్రీసుధ గారు. పార్టీవాళ్ళు ఒప్పుకోలేదు. చొక్కా లేకపోయినా ఫరవాలేదు గాని స్టెతస్కోపు ఉండాలన్నారు. ఆయన దాన్ని మెళ్ళో వేసుకుని ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళ బీపీ చూశారు. అందరికీ బాగానే ఉందన్నారు. ఎన్నికల నెలలో ఆ నియోజకవర్గం మొత్తంలో ఒక్క మనిషికి కూడా బీపీ లేదు. గోడల మీద 'మీ నాడి తెలిసిన నాయకుడు' అని రాశారు. ఇరవై ఏడు వేల మెజారిటీతో గెలిచారు. ఓడిపోయినాయనకి ఫలితాల రోజున బీపీ వచ్చింది. చూడ్డానికి డాక్టరు లేడు.

గెలిచిన మర్నాడే ఆసుపత్రి బోర్డు దించి, ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు అనే బోర్డు ఎత్తారు. అంతకుమించి పెద్ద మార్పేమీ రాలేదు. రోగులు కూర్చునే బల్లల మీదే అర్జీలు పట్టుకుని జనం కూర్చున్నారు. టోకెన్లు ఇచ్చేది దుర్గే. రోగుల్ని పడుకోబెట్టే మంచం మీద శాలువాలు పడుకున్నాయి. ఫ్రిజ్‌లో పాము మందు తీసేసి పూలదండలు పెట్టారు. సన్మానాలకి దండ వాడిపోయి ఉంటే ఎవరికీ బాగోదు.

డాక్టరు గారికి మాత్రం పాత అలవాటు పోలేదు.

"చెప్పండి, ఏంటి ఇబ్బంది?"

"మా వీధిలో మురికి కాలవ పొంగుతోందండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళ నుంచండి."

"మొదట ఎవరికి చూపించారు?"

"సర్పంచి గారికండి. ఆయన చూద్దాం అన్నారండి."

"ఏ టైములో ఎక్కువగా ఉంటోంది?"

"వానొచ్చినప్పుడండి."

ఆయన తల పంకించి, తన పేరు అచ్చువేసిన కాయితం మీద నాలుగు ముక్కలు రాసి, సంతకం పెట్టి ఇచ్చేవారు. "ఇది పట్టుకెళ్ళి ఆఫీసులో ఇవ్వండి. పదిరోజులు చూసి, తగ్గకపోతే మళ్ళీ కనిపించండి" అనేవారు. జనం ఆ ఉత్తరాన్ని కళ్ళకద్దుకుని, కాపీ తీయించి ఆఫీసులో ఇచ్చి, అసలుది ఇంట్లో దేవుడి పటం వెనక దాచుకునేవారు. రోడ్లు, కాలవలు, పింఛన్లు, ఇళ్ళ స్థలాలు అన్నీ అలా పటాల వెనకే భద్రంగా ఉండిపోయాయి.

రెండో ఏడు జూన్ నెలాఖరున బుల్లెమ్మని పాము కరిచింది.

బుల్లెమ్మ దుర్గకి పిన్ని. దుర్గకి ఊహ తెలియక ముందే తల్లి పోతే పెంచి, నర్సు చదువు చెప్పించిన మనిషి. ఆరోజు పదకొండు గంటలకి నర్సరీలో పీచు బస్తా లాగుతుంటే కింద ఉన్న రక్తపింజర కుడికాలు పట్టింది. తోటివాళ్ళు ఆమెని ఏసుపాదం ఆటోలో వేసి, ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ తిన్నగా డాక్టరు గారి గుమ్మంలోకి తెచ్చేశారు.

"డాక్టరు గారండీ! పామండీ!" అని అరిచాడు ఏసుపాదం.

లోపల డాక్టరు గారు ఊరి మొదట్లో కట్టబోయే స్వాగత ద్వారం మీద తన బొమ్మ ఎంతుండాలో నలుగురితో మాట్లాడుతున్నారు. కేక వినగానే పరిగెత్తుకొచ్చారు. వంగి బుల్లెమ్మ కాలు పట్టుకున్నారు. ఒక్క క్షణం దుర్గకి పాత డాక్టరు గారు కనిపించారు. ఇంతలో ఆయన పీఏ లోకనాథ్ సెల్‌ఫోను ఎత్తి, "సార్, కొంచెం ఇటు చూడండి సార్" అన్నాడు. ఆయన ఇటు చూశారు. చూసి, నిటారుగా నిలబడి, గంభీరంగా అన్నారు:

"ఆలస్యం చెయ్యకండయ్యా! వెంటనే మంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి!"

ఎవరూ కదల్లేదు. అందరూ ఆయన వంకే చూశారు. ఏసుపాదం చెయ్యెత్తి ఆయన్నే చూపించబోయి, మర్యాద కాదని దించేసుకున్నాడు.

దుర్గ ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తి తలుపు తెరిచింది. అందులో మూడు చామంతి దండలు, ఒక గులాబీ దండ ఉన్నాయి.

ఊరి చివర ప్రభుత్వ ఆసుపత్రికి వెళితే అక్కడి డాక్టరమ్మ సూర్యకళ గారు కాలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పాము మందు లేదు దుర్గా. పైకి మూడుసార్లు రాశాను" అంది. రాజమండ్రి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అది మొక్కల సీజను. దారి పొడుగునా మామిడి మొక్కల లారీలు బారులు తీరి ఉన్నాయి. అరగంట దారికి రెండు గంటలు పట్టింది. బుల్లెమ్మ బతికింది గాని, కుడికాలికి రెండు వేళ్ళు తీసేశారు.

డాక్టరు గారు రాజమండ్రి వెళ్ళి పరామర్శించారు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది.

"యాపిల్ పళ్ళు తెచ్చారే అమ్మాయ్" అంది బుల్లెమ్మ మంచం మీద నుంచి. "బుట్ట నా ఒళ్ళో పెట్టి ఫొటో తీశారు. తీశాక బుట్ట పట్టుకుపోయారు. పక్కూళ్ళో ఇంకో పరామర్శ ఉందంట."

దుర్గ నవ్వలేకపోయింది. వానలు అప్పుడే మొదలయ్యాయి. వానాకాలం వెళ్ళేలోపు జాజిలంకలో కనీసం ఇద్దరు ముగ్గుర్ని పాము కరుస్తుంది, ఏటా కరుస్తూనే ఉంది. ఈలోపు ప్రభుత్వ ఆసుపత్రికి మందు రావాలి. రాకపోతే పోయేది ఈసారి కాలి వేళ్ళతో ఆగదు. అందుకని నర్సరీ ఆడవాళ్ళందరి చేతా సంతకాలు, వేలిముద్రలు పెట్టించి, అర్జీ పట్టుకుని తనకి తనే టోకెన్ ఇచ్చుకుని డాక్టరు గారి ముందుకెళ్ళింది.

"నువ్వడగాలా దుర్గా!" అన్నారాయన. జిల్లా వైద్యాధికారి పేర గబగబా రాశారు. జాజిలంక ఆసుపత్రికి పాము కాటు మందు అత్యవసరంగా పంపగలరు అని. సంతకం పెట్టారు. దుర్గ దణ్ణం పెట్టి బయటికి వచ్చి, వరండాలో నిలబడి ఇంకోసారి చదువుకుంది.

సంతకం కింద చుక్క ఉంది.

పెన్ను జారిందేమో అనుకుంది. వెంటనే తిన్నగా లోకనాథ్ బల్ల దగ్గరికి వెళ్ళి, ఆఫీసు కోసం అట్టేపెట్టిన ఉత్తరాల నకళ్ళ కట్ట తిరగేసింది. మురికి కాలవ ఉత్తరానికి చుక్క. వంతెన ఉత్తరానికి చుక్క. బడికి మరుగుదొడ్ల ఉత్తరానికి చుక్క. ఒక పార్టీ పెద్దమనిషి అల్లుడి బదిలీ ఉత్తరానికి మాత్రం లేదు.

"ఏంటి లోకనాథ్, ఈ చుక్కలు?"

లోకనాథ్ చుట్టూ చూసి, గొంతు తగ్గించి, పొంగిపోతూ చెప్పాడు. "అది సార్ బుర్ర అక్కా! మామూలు బుర్రా అది? చుక్క ఉంటే పక్కన పడెయ్యమని, లేకపోతే చెయ్యమని అర్థం. అన్ని ఆఫీసులకీ నేనే ఫోన్ చేసి చెప్పాను. వచ్చినవాడికి ఉత్తరం దొరుకుద్ది, ఆఫీసరుకి పని తగ్గుద్ది, సార్‌కి పేరు వస్తాది. ఇలాంటి ఆలోచన మనలాంటోళ్ళకి ఏడు జన్మలెత్తినా వస్తాదా, నువ్వు చెప్పు?"

"రాదు" అంది దుర్గ.

ఆమెకి రెండేళ్ళుగా తను ఇచ్చిన టోకెన్లు గుర్తొచ్చాయి. జాజిలంకకి పొడిచింది చాలక, నియోజకవర్గం మొత్తాన్ని వరసలో నిలబెట్టి బలం సూది పొడిపించింది. నేరుగా లోపలికి వెళ్ళింది.

"సార్, ఉత్తరానికి చుక్క పడిందండి."

డాక్టరు గారు సిగ్గుపడలేదు. తలుపు దగ్గరికి వెయ్యమని సైగ చేసి, రోగి బంధువులకి చెప్పే మెత్తని గొంతుతో చెప్పారు. "చూడు దుర్గా. నేను అడిగిన ప్రతిదీ పైవాళ్ళు చెయ్యరు. నెలకి నాలుగైదు పనులు చేస్తారు. అవి జాగ్రత్తగా వాడుకోవాలి. జాజిలంకకి ఒక్కదానికే తెస్తే మిగతా నలభై ఊళ్ళు ఊరుకుంటాయా? ఉత్తరం చేతిలో ఉంటే జనానికి ధైర్యంగా ఉంటుంది. సగం రోగం ధైర్యంతోనే పోతుంది. నీకు తెలీనిదా?"

"పాము విషం ధైర్యంతో పోదండి."

ఆయన పెన్నుకి మూత పెట్టారు. "ఈ చుక్క నాకు నేర్పింది నువ్వే" అన్నారు. "బయట మాట్లాడితే ముందు పోయేది నీ పేరే. ఆ సూదులు వేసింది నేను కాదు కదా."

అది బెదిరింపులా అనలేదు. మందుల షాపువాడు గడువు తేదీ చూసి చెప్పినట్టు చెప్పారు. అదే దుర్గకి ఎక్కువ భయం వేసింది. నిజమే, ఊళ్ళో తనకంటూ ఉన్నది ఆ పేరొక్కటే. దారిలో ఎవరు ఎదురైనా 'నర్సమ్మ గారండీ' అని ఆగి పలకరిస్తారు. రేపటి నుంచి ఆ ఊళ్ళో ఎలా నడవాలి? రెండు రోజులు ఆలోచించింది. ఆ రెండు రోజులూ వాన పడుతూనే ఉంది. మూడో రోజు రత్నమాణిక్యం అనే ఆవిడ పని చేసే నర్సరీలో కుండీల మధ్య రెండు పింజరలు దొరికాయని విన్నది. అన్నాల వేళకి గొడుగు పట్టుకుని అక్కడికి వెళ్ళింది.

ఆడవాళ్ళంతా షెడ్డు కింద క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. కట్టుకట్టిన కాలు బస్తా మీద పెట్టుకుని బుల్లెమ్మ కూడా వచ్చి ఉంది. పని చెయ్యలేదు గాని, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందని కబుర్లకి వచ్చింది. దుర్గ నిలబడే చెప్పింది. చుక్క సంగతి, నీళ్ళ సంగతి, తనే చెప్పిన ఉపాయం, అన్నీ. ఎక్కడా ఆగకుండా చెప్పేసింది. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

రత్నమాణిక్యం కూర ముద్ద కిందపెట్టి, "కళ్ళు పోతాయే!" అంది. "ఆ సూదితో నా కీళ్ళనొప్పులు పోయాయి. నీళ్ళంటావేంటి?"

"నీళ్ళే అత్తా."

"నీళ్ళతో నొప్పులు పోతాయా? మరి నేను రోజూ నీళ్ళలోనే కదే పని చేసేది!"

"ఇప్పుడు సూదులెయ్యడం ఇష్టం లేక ఇలా చెప్తందే" అంది ఇంకొకావిడ. "ఆఫీసులో కుర్చీ అలవాటైపోయింది మరి."

ఇరవై ఏళ్ళ మోసాన్ని ఒప్పుకున్నా నమ్మేవాళ్ళు లేకపోయేసరికి దుర్గకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తిడతారని సిద్ధపడి వచ్చింది గాని, ఇలా అబద్ధాలకోరు కింద జమకడతారని అనుకోలేదు.

నమ్మింది బుల్లెమ్మ ఒక్కతే. "నాకెన్ని ఏశావే?" అంది.

"లెక్కలేదు పిన్నీ."

బుల్లెమ్మ చాలాసేపు తన కాలివైపు చూసుకుంది. దుర్గని ఏమీ అనలేదు. అంటే బాగుండేది. తర్వాత కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాయితం తీసింది. ఇంటి స్థలం కోసం కిందటేడు డాక్టరు గారు రాసిచ్చిన ఉత్తరం.

"చూడు. ఉందా?"

ఉంది. నీలం సిరాతో, గుండ్రంగా, ఆవగింజంత.

అప్పుడు లేచారు అందరూ. అన్నాలు సగంలో వదిలేసి ఇళ్ళకి పరిగెత్తి, పటాల వెనక నుంచి ఉత్తరాలు తెచ్చారు. నలభై ఆరు ఉత్తరాలు వచ్చాయి. నలభై ఆరింటికీ చుక్క ఉంది. సూదిలో నీళ్ళున్నాయంటే నమ్మనివాళ్ళు, ఉత్తరంలో నీళ్ళున్నాయంటే ఇట్టే నమ్మారు.

వాళ్ళు క్యాంపు ఆఫీసుకి వెళ్ళేసరికి డాక్టరు గారు కారెక్కబోతున్నారు. ఆడవాళ్ళని చూసి చేతులు జోడించారు. నలభై ఆరు కాయితాలు చూసి చేతులు దించారు.

"ఈ చుక్క ఏంటండీ?" అంది రత్నమాణిక్యం.

డాక్టరు గారు దుర్గ వైపు చూశారు. దుర్గ దగ్గరికి వచ్చి, ఆమెకే వినపడేలా, "బలం సూది సంగతి నేను చెప్పాల్సి వస్తుంది" అన్నారు.

"ఇందాకే చెప్పేసి వచ్చానండి" అంది దుర్గ.

ఆయన ముఖం చూస్తే, వైద్యం చదివిన మనిషికి కూడా ఊపిరి పీల్చడం మరిచిపోయే క్షణాలు ఉంటాయని తెలిసింది. కాని ఎంతైనా రెండేళ్ళు రాజకీయం చేసిన మనిషి. గుక్క తిప్పుకుని జనం వైపు తిరిగి చిరునవ్వు నవ్వారు.

"అమ్మా, ఎవరో మీకు తప్పు చెప్పారు. చుక్క పెట్టానంటే అది నా మనసుకి దగ్గరైన పని అని గుర్తు. చుక్క ఉన్న ఉత్తరాన్ని అన్నిటికంటే ముందు చెయ్యాలి."

లోకనాథ్ చప్పట్లు కొట్టాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇంకో నిమిషం ఊరుకుంటే సగం మంది నమ్మి ఇళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళే. దుర్గకి ఆ సంగతి బాగా తెలుసు, నమ్మించే పనిలో ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది కదా.

"అయితే సార్, ఆ మాట జిల్లా వైద్యాధికారి గారికి ఇప్పుడే ఫోన్లో చెప్పెయ్యండి" అంది. "స్పీకర్లో పెట్టండి. మేమూ వింటాం. మీ మనసుకి దగ్గరైన పని కదండీ."

"ఆయ్! వినాలండి" అన్నారు ఆడవాళ్ళు. ఏసుపాదం తన ఆటోని తెచ్చి కారు ముందు అడ్డంగా నిలిపాడు. ఇంజను ఆగిపోయిందన్నాడు.

ఫోన్ కలిసింది. "నమస్కారం సార్" అంది అవతలి గొంతు.

"జాజిలంక పాము మందు విషయం. నా ఉత్తరం వస్తుంది. చుక్క ఉంటుంది. అది ముందు చెయ్యాలి" అన్నారు డాక్టరు గారు.

"సార్, చుక్క ఉంటే పక్కన పెట్టమని లోకనాథ్ గారు చెప్పారు కదండీ? మీవి ఇప్పటికి రెండొందల పన్నెండు పక్కన పెట్టామండి. చక్కగా వరసలో పెట్టామండి."

లోకనాథ్ చటుక్కున ఆకాశం వైపు చూసి, వాన వచ్చేలా ఉందన్నాడు. అప్పటికే వాన పడుతోంది.

"ఎల్లుండికల్లా మందు రావాలి" అని డాక్టరు గారు ఫోన్ పెట్టేశారు. దుర్గ వైపు చూడకుండా కారెక్కారు. ఆటో ఇంజను దానంతటదే బాగుపడింది.

ఆ సాయంత్రమే లోకనాథ్ ఫోన్ చేసి, "అక్కా, రేపటి నుంచి నువ్వు రావక్కర్లేదని సార్ చెప్పమన్నారు" అన్నాడు.

"నేను ఈరోజే పనిలోకి రాలేదు కదా తమ్ముడూ" అంది దుర్గ.

మందు ఎల్లుండికి కాదు గాని ఆరో రోజుకి వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రి ఫ్రిజ్‌కి రిబ్బను కట్టారు. డాక్టరు గారు వచ్చి కత్తిరించారు. పాము కాటుపై తాను చేసిన పోరాటం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. స్టెతస్కోపు వేసుకొచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. దుర్గ కూడా కొట్టింది, మందు వచ్చినందుకు. ఎప్పుడూ పక్కన చేరేవాళ్ళు ఆరోజు ఆమె పక్కన నిలబడలేదు. ఇద్దరు చూసి, పలకరించకుండా తల తిప్పుకున్నారు.

కార్లు వెళ్ళిపోయాక దుర్గ, బుల్లెమ్మ లోపలికి వెళ్ళారు. సూర్యకళ గారు ఫ్రిజ్ తెరిచి చూపించింది. చిన్న చిన్న సీసాలు పది.

"ఎంతమందికి వస్తాయమ్మా?" అంది బుల్లెమ్మ.

దుర్గకి జవాబు తెలుసు. అయినా డాక్టరమ్మ నోటితో వినాలని ఊరుకుంది.

"పింజర గట్టిగా కరిస్తే ఒక మనిషికి పది పడతాయండి" అంది సూర్యకళ గారు.

"మరి రెండో మనిషికో?"

"మళ్ళీ పైకి రాయాలండి."

బుల్లెమ్మ ఫ్రిజ్ వంక, బయట వాన వంక చూసింది. పొద్దున్నే తన నర్సరీలో అరవై మంది పనిలోకి దిగారు.

"క్యాంపు ఆఫీసు ఎన్నింటికి తెరుత్తారే?" అంది.

"తొమ్మిదింటికి. అయినా నన్ను లోపలికి రానివ్వరు పిన్నీ."

"నిన్నెవరు రమ్మన్నారు? నేనెళ్ళి ముందు బల్ల మీద కూర్చుంటాను, ఈ కట్టు విప్పుకుని. వచ్చే పోయేవాళ్ళు చూత్తారు. ఇంకో ముప్పై సీసాలు వచ్చేదాకా కూర్చుంటాను. నాకేం పని? నిలబడ్డం ఎలాగూ రాదు."

దుర్గ ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపబోయింది. బుల్లెమ్మ ఆ చెయ్యి విడిపించుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే తనంతట తను దిగింది. దిగాక వెనక్కి తిరిగి, "రేపు పొద్దున్న ఏసుపాదాన్ని ఆటో తెమ్మని చెప్పు" అంది.

దుర్గ వానలోనే ఏసుపాదం ఇంటికి బయల్దేరింది.